పడవ గోడకు తూట్లు వద్దు

సంపాదకులకు,

పెదజాలారిపేట, భీమిలి ఒడ్డున ఉండే చిన్న ఫైబర్ పడవల్లో గాలపు రాడ్డు నిలబెట్టడానికి పీవీసీ పైపు ముక్కను పడవ గోడకే స్క్రూలతో బిగించేస్తుంటారు. పైపుతో పేచీ లేదు, పేచీ అంతా స్క్రూలతోనే. నాలుగైదు మిల్లీమీటర్ల ఫైబర్‌లో స్క్రూ మరకు పట్టు దొరకదు. కోనాం చేప ఒక్క గుంజు గుంజితే పెచ్చుతో సహా ఊడొస్తుంది. గోడ వెనక ఫోమ్ నింపిన అర ఉంటే మరీ ముప్పు. ఆ కన్నంలోంచి ఉప్పునీరు దిగి పడవ రోజురోజుకీ బరువెక్కుతుంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు.

లెక్క చూడండి. గొట్టం నుంచి రాడ్డు కొసకు 160 సెం.మీ., ఆ కొసను చేప అడ్డంగా 3 కిలోల బలంతో లాగుతోంది అనుకుందాం. గొట్టాన్ని పట్టుకున్న రెండు బిగింపుల మధ్య ఎడం 20 సెం.మీ. ఉంటే ఒక్కోదాని మీద సుమారు 24 కిలోలు పడుతుంది. ఎడం 5 సెం.మీ. అయితే అదే 96 కిలోలు! గొట్టం నడుమ రెండు స్క్రూలు పక్కపక్కనే కొట్టి, ఊడాక పైపు నాసిరకమని కొట్టువాణ్ణి తిట్టి ఏం లాభం?

గొట్టాన్ని పలకకు బిగించి, ఆ పలకను పడవలోని అడ్డబల్లకు కట్టాలి. 25 మి.మీ. మందం, 25 సెం.మీ. ఎత్తున్న టేకు పలకను అంచు మీద నిలబెట్టి రెండు సి-క్లాంపులతో బిగిస్తే చాలు. ప్యాకింగ్ ప్లైవుడ్ వాడొద్దు, తడికి ఉబ్బి పొరలు విడిపోతుంది. పలక ఊడదీయడానికి వీలుగా ఉండటం ఇంకో లాభం. వల లాగే రోజున గొట్టాలు పడవలో ఉంటే వల వాటికే చిక్కుకుంటుంది.

పైపు ఒకటిన్నర అంగుళానిది, గోడ మందం 3.5 మి.మీ.కి తగ్గనిది తీసుకోండి. లోపల 40 మి.మీ. దాకా ఖాళీ ఉంటుంది, మామూలు రాడ్డు పిడి హాయిగా దిగుతుంది. 3 మీటర్ల పైపులో 33 సెం.మీ. ముక్కలు తొమ్మిది వస్తాయి. ముందు పైపు మూతిని వెడల్పు చేసుకోవాలి. పైపు చివర 5 సెం.మీ. మరిగే నీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి, మెత్తబడగానే గాజు సీసా మెడ మీదికి నొక్కి పట్టి చన్నీళ్లు పోయాలి. స్టవ్ మంట మీద మాత్రం కాల్చకండి, పీవీసీ పొగ ఊపిరితిత్తులకు హాని.

తర్వాత గాటు, అంటే రీలును (దారం చుట్టే చక్రం) రాడ్డుకు కలిపే కాడ దిగి కూర్చునే చీలిక. వెడల్పు 20 మి.మీ., లోతు 60 మి.మీ. గాటు అడుగు వచ్చేచోట ముందు 20 మి.మీ. గుండ్రటి రంధ్రం వేసి, పైనుంచి రెండు హ్యాక్సా కోతలు దాని దాకా దించండి. అడుగు నలుచదరంగా కోస్తే ఆ మూలలోంచే పగులు మొదలవుతుంది. చేప లాగినప్పుడు రాడ్డు ఆనుకునేది ఈ గాటు అంచుల మీదే కాబట్టి ఆకురాయితో నున్నగా చేయాలి, గాటుకు కిందగా ఒక హోస్ క్లిప్పు (పైపు చుట్టూ బిగించే లోహపు పట్టీ) వేయాలి. పైపు అడుగున తొడుగు అక్కర్లేదు. చివర నుంచి 2 సెం.మీ. పైన అడ్డంగా 6 మి.మీ. బోల్టు దూరిస్తే రాడ్డు దాని మీద నిలుస్తుంది, నీళ్లూ ఇసుకా కిందికి పోతాయి.

బిగించడానికి 8 మి.మీ. యు-బోల్టులు రెండు, ఒకటి పైనుంచి 9 సెం.మీ., రెండోది 29 సెం.మీ. దగ్గర. వాటి కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి, లేకపోతే బిగించేకొద్దీ పైపు నొక్కుకుపోతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనా అదే కొనండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనని కొందరి నమ్మకం. 202 రకానికీ అంటుకోదు, ఉప్పుగాలికి అది తుప్పు పడుతుంది.

గొట్టం బయటి వైపుకు 30 డిగ్రీలు వాలాలి, పై మూతి దగ్గరి గాటు వాలుకు కింది వైపుకు తిరిగి ఉండాలి. కోణం కొలిచే సాధనం లేకపోయినా ఫర్వాలేదు: గొట్టం వెంబడి 30 సెం.మీ. కొలిచిన చోటు నిలువు గీతకు 15 సెం.మీ. పక్కకు ఉంటే సరిపోయినట్టే. ఎక్కువ వాలిస్తే రాడ్డు వంగదు, చేప దాన్ని గొట్టంలోంచి బాణంలా లాగేసుకుంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, ఈ పనికి అదే అదను. ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది కాబట్టి గరుకు కాగితం రుద్ది లేత రంగు పెయింటు వేయండి. రాడ్డుకు మీటరు నైలాన్ తాడు కట్టి పలకకు ముడేయండి. రీలు డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే బిగువు) వదులుగా ఉంచండి. ఒడ్డుకు వచ్చేటప్పుడు కెరటాల్లోకి దిగకముందే రాడ్లు తీసి పడవ అడుగున పడుకోబెట్టండి.

– గాలం వేటగాళ్లు కొందరు, విశాఖపట్నం