సీఆర్/ఎన్‌సీఆర్ పెట్టే ముందు ఇది చదవండి

సీఆర్/ఎన్‌సీఆర్ (క్రెడిట్/నో క్రెడిట్) అంటే కోర్సుకి మార్కు బదులు క్రెడిట్ వచ్చిందా లేదా అని మాత్రమే రికార్డులో పడేలా ఎంచుకోవడం. ఇక్కడ చెప్పేది టొరంటో యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ వాళ్లకి మాత్రమే. మిగతా ఫ్యాకల్టీల రూల్స్ వేరు.

డిగ్రీ 20 క్రెడిట్లలో సీఆర్/ఎన్‌సీఆర్‌కి దొరికేది 2.0 మాత్రమే, అంటే నాలుగు హాఫ్ కోర్సులు (ఒక్కోటి 0.5 క్రెడిట్). ఫస్టియర్‌లోనే ఖర్చు పెట్టేయకండి.

50 వస్తే సీఆర్, తగ్గితే ఎన్‌సీఆర్. రెండూ జీపీఏలో కలవవు. లెక్క చూడండి: నాలుగు కోర్సుల్లో 80 (గ్రేడ్ పాయింట్ 3.7), ఒకదాంట్లో 55 (1.0) వస్తే జీపీఏ 3.16. ఆ ఐదోది సీఆర్ అయితే 3.7. అదే 78 వచ్చే కోర్సుకి పెడితే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, ఛాన్స్ వేస్ట్.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: మేజర్, మైనర్ రిక్వైర్‌మెంట్లకి సీఆర్ పనికిరాదు. బ్రెడ్త్‌కి (అంటే వేర్వేరు రంగాల కోర్సులు చదవాలన్న రూల్‌కి), డిగ్రీ క్రెడిట్‌కి పనికొస్తుంది. మేజర్ ఇంకా తేల్చుకోలేదా? రేపు ఆ ప్రోగ్రామ్‌కి కావాల్సిన కోర్సేమో ముందు చూసుకోండి.

పెట్టేది యూనివర్సిటీ స్టూడెంట్ పోర్టల్ అకార్న్‌లోనే, ప్రొఫెసర్‌కి మెయిల్ అక్కర్లేదు. గడువు టర్మ్ చివరి క్లాసు రోజు, అంటే ఫైనల్‌కి ముందే. ఆలోపు మనసు మారితే తీసేయొచ్చు, తర్వాత కుదరదు. పెట్టాక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.