తాల్ముద్ చదువులో నాకు తోడు నిలిచినవాళ్ళకు

అందరికీ నమస్కారం. పోయిన వారం నా చివరి మౌఖిక పరీక్ష అయిపోయింది, పాసయ్యాను. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్ ప్రధానాంశంగా యూదు అధ్యయనాల్లో ఎమ్మే పట్టా ఇక చేతికి రావడమే తరువాయి. బోస్టన్ దగ్గర ఓ చిన్న కాలేజీ మాది. క్లాసు మొత్తం ఒక్క బల్ల చుట్టూ సరిపోతుంది.

ముందుగా నా చదువు జోడీకి. ఈ పాఠం ఒంటరిగా చదివేది కాదు. ఇద్దరు కూర్చుని, పైకి చదువుతూ, ఒకరి అర్థాన్ని ఇంకొకరు ఎదిరిస్తూ సాగాలి. దాన్నే హవ్రూతా అంటారు. నాకు జతగా దొరికినావిడ రిటైరైన స్కూలు టీచరు, మా అమ్మకంటే పెద్దావిడ. తాల్ముద్‌లో బవా మెత్సియా అనే భాగం రెండో అధ్యాయంతో మొదలుపెట్టాం. పోయిన వస్తువు దొరికితే ఎవరికి చెందుతుందన్నది అందులో విషయం. దారిలో చెల్లాచెదురుగా పడున్న పళ్ళు దొరికినవాళ్ళవేనని మిష్నా (తాల్ముద్‌లోని మూల ధర్మసూత్రాలు) చెప్పేస్తుంది. గెమారా (మిష్నా మీద పండితుల చర్చ) ఊరుకోదు. ఎంత మేరలో ఎన్ని? నాలుగు మూరల్లో ఒక కవ్ (పాతకాలపు కొలత) అంటాడు రబ్బీ (యూదు పండితుడు) యిత్జాక్. మరి రెండు మూరల్లో అర కవ్ ఉంటేనో అంటాడు రబ్బీ యిర్మియా. దానికి జవాబు తేల్చకుండా 'తేకూ' అని వదిలేశారు!

ఆ వెంటనే అబయే, రావా అనే ఇద్దరు పండితుల గొడవ వస్తుంది. వస్తువు పోయిందని సొంతదారుకి ఇంకా తెలియదు, తెలిస్తే మాత్రం ఆశ వదులుకునేవాడే. అలాంటప్పుడు దొరికినవాడు దాన్ని ఉంచేసుకోవచ్చా? రావా ఉంచుకోవచ్చంటాడు, అబయే కుదరదంటాడు. నేను రావా పక్షం, ఆవిడ అబయే పక్షం. మామూలుగా వీళ్ళిద్దరి తగాదాల్లో రావా మాటే చెల్లుతుంది, ఆరు చోట్ల మాత్రం అబయేది. ఇది ఆ ఆరింటిలో ఒకటి. ఆ సంగతి తెలిసిన రోజు ఆవిడ సంతోషం చూడాలి! ఓపిగ్గా నాతో పోట్లాడినందుకు ఆవిడకు నా మొదటి దండం.

మా లైబ్రేరియన్‌కు రెండోది. తాల్ముద్‌కు అందరూ వాడే విల్నా ముద్రణలో పేజీ మధ్యలో మూలం, ఒక పక్క రాషీ అనే పండితుడి వ్యాఖ్య, ఇంకో పక్క తోసాఫోత్ అనే తర్వాతి వ్యాఖ్యలు. మన తెలుగులో గుణింతాలన్నీ తీసేసి, చుక్కా కామా లేకుండా అచ్చేస్తే ఎలా ఉంటుందో మూలం అలా ఉంటుంది. పైగా గెమారాలో ఎక్కువ భాగం హీబ్రూ కాదు, అరమాయిక్. 1903 నాటి జాస్ట్రో నిఘంటువు లేనిదే నాకు అడుగు పడేది కాదు. దాన్ని సెమిస్టరంతా నా దగ్గరే ఉంచుకోనిచ్చారాయన. తాల్ముద్‌కు స్టైన్‌సాల్ట్జ్ ఇంగ్లీషు అనువాదాన్ని 2017లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టిన సెఫారియా వెబ్‌సైట్ వాళ్ళకూ, అందుకు డబ్బిచ్చిన డేవిడ్సన్ ఫౌండేషన్‌కూ నాలాంటివాళ్ళం ఎంతో రుణపడ్డాం.

హైదరాబాదులో సంస్కృతం చదివొచ్చినదాన్ని కాబట్టి ప్రతి పేజీలో నాకు మన శాస్త్ర చర్చల్లోని పూర్వపక్షం (ఎదుటివాదం), సిద్ధాంతమే (తుది నిర్ణయం) కనబడేవి. మా ప్రొఫెసర్ గారు దాన్ని వద్దనలేదు. "పోల్చు, కానీ రెండూ ఒకటేనని మాత్రం రాయకు" అన్నారు. నా థీసిస్ నిలబడింది ఆ ఒక్క మాట మీదే.

శుక్రవారం రాత్రుళ్ళు షబ్బత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) భోజనానికి పిలిచిన కుటుంబానికి కూడా. పులిహోర చేసి పట్టుకెళ్దామంటే కుదరదు. శాకాహారమే అయినా, మన వంటింట్లో వండింది వాళ్ళ కోషర్ (యూదు ఆహార నియమాలు పాటించే) ఇంట్లో తినరు. అందుకని కోయని పళ్ళు తీసుకెళ్ళేదాన్ని.

ఇక మన తెలుగువాళ్ళు. మా ఆయన ఉద్యోగం పోయి, ఆఖరి సెమిస్టర్ ఫీజుకు టెన్షన్ పడుతుంటే, అడగకుండానే డబ్బు సర్దిన మిత్రులు తలా కొంత వేసుకున్నారు. ఎవరిది ఎంతో నా దగ్గర రాసి ఉంది, వద్దన్నా తీరుస్తాను. క్లాసున్న సాయంత్రాలు మా పాపను చూసుకుని, అన్నం తినిపించి నిద్రపుచ్చిన కింది ఫ్లాట్ అక్కకు ఏమిచ్చినా తక్కువే. "ఇంతకీ ఏం చదువుతున్నావే?" అని గుంటూరు నుంచి ఫోన్లో ప్రతిసారీ అడిగి, ప్రతిసారీ చివరిదాకా విన్న మా అమ్మకు కూడా.

వచ్చే నెల నుంచి నా జోడీతో మళ్ళీ కూర్చుంటున్నాను, ఈసారి బవా బత్రా అనే భాగం. మీలో ఎవరికైనా దీన్ని చూడాలనిపిస్తే, గెమారా జోలికి పోకుండా ముందు మిష్నాలో రెండు అధ్యాయాలు చదవండి. సందేహాలుంటే ఆదివారాలు నాకు ఫోన్ చెయ్యండి.