చారిత్రక నగరాలను నిదానంగా చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో కుటుంబంతో కలిసి చేసే విదేశీ పర్యటనల గురించి మీరు ప్రచురించిన ప్రత్యేక పేజీలు ఆసక్తిగా చదివాను. అయితే వాటిలో సూచించిన పర్యటనలన్నీ వారం పది రోజుల్లో ఐదారు నగరాలు చుట్టివచ్చేలా ఉన్నాయి. పిల్లలను, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు ఒకటి రెండు చారిత్రక నగరాలను ఎంచుకుని, వాటినే తీరిగ్గా చూడటం ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం.

రోమ్‌లోని ప్రాచీన ఆలయం పాంథియన్‌నే తీసుకోండి. దాదాపు 1,900 ఏళ్ల క్రితం, లోపల ఇనుప చువ్వలేవీ లేకుండా కాంక్రీటుతో నిలబెట్టిన ఆ గుమ్మటం వ్యాసం 43 మీటర్ల పైమాటే. దాని నడినెత్తిన తెరిచి ఉన్న గుండ్రటి కంతలోంచి పడే ఎండ, పొద్దు కదిలేకొద్దీ గోడల మీదుగా జరుగుతూ పోతుంది. వాన పడితే ఎలాగన్న సందేహం మా పిల్లలకు వచ్చింది. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండటాన్ని, నీళ్లు దిగిపోయేందుకు అక్కడ తొలిచిన చిన్న చిన్న రంధ్రాలను వాళ్లంతట వాళ్లే వెతికి పట్టుకున్నారు. పుస్తకంలో చదివి మరిచిపోయే సంగతి అలా వాళ్ల సొంతమైంది. గైడు జెండా వెంట పరుగులు తీసే బృందాల్లోని పిల్లలకు ఆ వ్యవధి ఎక్కడుంటుంది?

వేసవి ఎండలనూ లెక్కలోకి తీసుకోవాలి. 2023 జులైలో వడగాడ్పుల కారణంగా ఏథెన్స్‌లో కొండ మీద ఉన్న ప్రాచీన కట్టడాల సముదాయం ఆక్రోపొలిస్‌ను మధ్యాహ్నం వేళల్లో మూసివేశారు. ఒక్క పూటే ఉండేలా వచ్చినవారికి అలాంటప్పుడు కొండను కిందినుంచి చూసి వెనుదిరగడం తప్ప మార్గం లేదు. నాలుగు రోజులు ఉండేవారు మాత్రం మర్నాడు పొద్దున్నే మెట్లెక్కగలరు. మా బంధువులను ఒక పర్యటన సంస్థ సోమవారం నాడు ఫ్లోరెన్స్‌కు తీసుకెళ్లింది. ఉఫీజీ చిత్రశాలకు ఆ రోజు సెలవు. అంత దూరం వెళ్లి మూసిన తలుపులు చూసి రావడం ఎంత బాధాకరమో చెప్పనక్కర్లేదు.

ఈ హడావుడి ఆ నగరాలకూ భారమే. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే సందర్శకుల తాకిడికి తట్టుకోలేక, వెనిస్ 2024లో కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో వారి నుంచి 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది.

ఇకపై ఇలాంటి పేజీలు ప్రచురించేటప్పుడు మ్యూజియంల వారపు సెలవులు, ముందుగా టికెట్లు తీసుకోవాల్సిన కట్టడాలు, ఎండవేళ మూసివేతల వివరాలు కూడా ఇవ్వాలని, ఒకే నగరంలో నాలుగైదు రోజులు గడిపే ప్రణాళికను కనీసం ఒక్కటైనా చేర్చాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు