గాంధారం దిగింది

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపం తెచ్చుకోకు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక దొరికే గంటన్నరా వీణకే పోతోంది. పెద్దమ్మ వీణేరా! బంతి కోసం అటకెక్కి, నువ్వు చీకట్లో చెయ్యి పెడితే జుమ్మని మోగి ఇద్దరం దూకి పారిపోయామే, అదే.

అది బొబ్బిలి వీణ, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేసింది. కుండ, దండి అన్నీ ఒక్క పనస దుంగలోంచే తొలిచారు, ఎక్కడా అతుకు లేదు. పాతపట్నం మీదుగా బస్సులు మారుతూ పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని అక్కడికే తీసుకెళ్లి బాగుచేయించా. తీగల కింద స్వరస్థానాలకు అడ్డంగా ఉండే 24 మెట్లూ మళ్లీ కూర్చాలన్నారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, దాని మీద ఒక్కో మెట్టూ ఆనించి, తీగ మీటి వినడం, బొటనవేలితో అటో ఇటో కాస్త జరపడం, మళ్లీ మీటడం. కొలబద్ద ఏదీ లేదు, చెవే. మధ్యాహ్నం దాకా కదలకుండా చూస్తూ కూర్చున్నా.

నా షిఫ్టులకు కుదిరే గురువు దొరకలేదు. పెద్దమ్మ పాత పుస్తకం, ఫోన్‌లో శ్రుతి, అంతే. ఆ పుస్తకం తెరిచినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, మనకు బడిలో చదువంతా ఒడియాలోనే. పలక మీద అమ్మ తెలుగు దిద్దించకపోతే ఈ స్వరాలు చదవగలిగేవాణ్ణా? పై స్థాయికి అక్షరం మీద చుక్క, కింది స్థాయికి అడుగున చుక్క. కామా ఉంటే ఒక అక్షరకాలం ఆగాలి, సెమికోలన్ ఉంటే రెండు.

మొదటి నెలంతా శ్రుతి చేయడమే. వాయించే తీగలు నాలుగు: సారణి స, పంచమం కింది ప, మంద్రం కింది స, అనుమంద్రం దాని కింది ప. పక్కన మూడు తాళం తీగలు. తీగ బిగించే బిరడా కొంచెం తిప్పితే ఎక్కువ, కొంచెం వదిలితే తక్కువ. ఒకరోజు సారణి మీటితే, నేను ముట్టుకోకుండానే మంద్రం తీగ సన్నగా వణికింది. రెండూ కలిస్తేనే అలా జరుగుతుంది. ఒళ్లు ఝల్లుమందిరా. ఇంట్లో అందరినీ పిలిచి చూపించా.

తర్వాత మొదటి పాఠాలు, సరళీ వరుసలు. మాయామాళవగౌళ రాగంతోనే ఎందుకు మొదలుపెడతారో మెట్ల మీద వేళ్లు నడిపితేనే తెలిసింది. తీగ వదిలేస్తే స. ఒకటో మెట్టు రి, నాలుగు గ, అంటే గాంధారం, అయిదు మ. ప నుంచి మళ్లీ అదే నడక. ఏడు ప, ఎనిమిది ద, పదకొండు ని, పన్నెండు పై స. ఒక అడుగు, మూడడుగులు, ఒక అడుగు. కింద నేర్చుకున్నదే పైన మళ్లీ చేస్తావు. ఈ వరుస ఏర్పరిచింది పురందరదాసు అంటారు. ఎంత ఆలోచించి పెట్టారో! కొత్తవాడి చేతిని దారిలో పెట్టడానికి ఇంతకంటే మంచిది ఉండదని నా నమ్మకం. పక్కింటి ఒడియా పిల్లాడు గుమ్మంలో కూర్చుని నాతోపాటు పాడతాడు. నేను ‘రి’ అంటే వాడు ‘రే’ అంటాడు. స్వరం మాత్రం నాకంటే కరెక్ట్.

అసలు సంగతి ఇప్పుడు. గత నెల బరంపురంలో ఉన్న పెద్దమ్మకు ఫోన్‌లో వినిపించా. చేతులు వణుకుతాయి, ఆవిడ ఇక వాయించలేదు. మొత్తం విని, కాసేపు ఆగి, "బాగుంది నాన్నా, కానీ గాంధారం దిగింది, చూసుకో" అంది. నమ్మలేదు. ఫోన్ పెట్టేశాక శ్రుతి పక్కన పెట్టి మీటి చూస్తే నిజమే, ఉండాల్సిన దానికంటే కాస్త తగ్గి పలుకుతోంది. వీణను పడమటి కిటికీ దగ్గర పెట్టేవాణ్ణి. ఎండకు మైనం మెత్తబడి నాలుగో మెట్టు రవ్వంత బిరడాల వైపు జరిగింది. పది రోజులుగా ఆ తప్పు గాంధారాన్నే సాధన చేస్తున్నా, చెవికి అదే అలవాటైపోయింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒంటరిగా నేర్చుకుంటే భయం ఇదేరా. వేలు పుస్తకం చూసి నేర్చుకుంటుంది, తప్పుందని చెప్పడానికి ఇంకో చెవి కావాలి.

మర్నాడే వీణను లోపలి గదిలోకి మార్చా. మెట్టు మళ్లీ సరిచేయించా. ఇప్పుడు ప్రతి ఆదివారం పెద్దమ్మకు అరగంట వినిపిస్తా. మోహన రాగంలో మొదటి గీతం నడుస్తోంది. కింది మెట్టు మీద నొక్కి తీగను పక్కకు లాగి పై స్వరం పలికించాలి కదా, ఎంత లాగాలో ఏ పుస్తకమూ చెప్పదు. ఆవిడ ఫోన్‌లో పాడి చూపిస్తుంది, నేను అక్కడిదాకా లాగుతా. ఎడమచేతి వేలి కొస మీద తీగ గీత పడి గట్టిపడింది. కొబ్బరినూనె రాసుకుంటే వేలు జారుతోంది, ముందున్నంత మంట లేదు.

దసరాకి వస్తున్నావుగా? విజయనగరంలో దిగితే సారణి తీగలు రెండు పట్రా, నా దగ్గర ఒక్కటే మిగిలింది. ఒకరోజు ఎక్కువ ఉండేలా టికెట్ తీసుకో. ఇద్దరం బరంపురం వెళ్లి పెద్దమ్మ ఎదుట కూర్చుని వాయిద్దాం.

నీ
పర్లాకిమిడి నేస్తం