రోగం ఎవరిదో వాళ్ళకే చెప్పరా?

ఎడిటర్ గారికి నమస్తే,

రాద్దాం రాద్దాం అనుకుంటూ మూడేండ్లు ఆగిన, ఇవాళ కూర్చొని రాస్తున్న. ఐసీయూ బిల్లుల గురించి మీ పేపర్ లో అప్పుడప్పుడు వస్తనే ఉంటది, రావాలె కూడా. గానీ బిల్లు కన్నా ముందు ఒకటి జరుగుతది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రిపోర్టులు చూసినంక డాక్టర్ రూమ్ బయటికొచ్చి, పేషెంట్ ను కుర్చీల కూర్చోబెట్టి, మళ్ళ మనం ఒక్కళ్ళమే లోపలికి పోయి మెల్లగ అంటం చూడండి, "సార్, ఆయనకు మాత్రం చెప్పకండి" అని. ఆ మాట గురించి.

మా నాయిన ఆర్టీసీల 31 ఏండ్లు డ్రైవర్ గ చేసిండు. లంగ్ క్యాన్సర్, నాలుగో స్టేజ్ అని చెప్పిన్రు. మేము ఆయనకు "నిమ్ము చేసింది, ఊపిరితిత్తులల్ల నీళ్ళు చేరినయ్" అని చెప్పినం. కీమోకు తీస్కపోయినప్పుడల్లా సెలైన్ అన్నం. ఫైల్ మీద ఆంకాలజీ, అంటే క్యాన్సర్ విభాగం అని రాసి ఉంటది కదా, దాన్ని ఒక బట్టల షాపు కవర్ ల పెట్టి తీస్కపోయేది. ఇల్లు కట్టింది ఆయనే, మా ముగ్గురి పెండ్లిళ్ళు కుదిర్చింది ఆయనే, అమ్మ పోయినప్పుడు ఏ చీర కట్టాలో కూడా ఆయనే చెప్పిండు. అసొంటి మనిషికి తన ఒంట్ల ఏముందో చెప్పకుంటా తొమ్మిది నెలలు దాచినం. ప్రేమ అనుకున్నం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తొమ్మిది నెలలు ఆయనను ఇంట్లనే ఒంటరిని చేసినం అనిపిస్తది, ఎందుకంటే ఆయనకు తెల్సు. ఒకనాడు హాస్పిటల్ నుంచి ఆటోల వస్తుంటే అన్నడు, "మా అన్నకు చేసినట్టు నాకు చెయ్యకురి బిడ్డా, ఆ మిషన్లు గిషన్లు వద్దు" అని. మా పెద్దనాయిన వెంటిలేటర్ మీదనే పోయిండు, అది ఆయన కండ్ల ముందట ఉండె. నేనేమన్ననో తెల్సా, "అట్ల మాట్లాడకు నాయినా, నీకేమైంది" అన్న. ఆయన నోరు తెరిచి అడిగిన ఒక్క మాటను నేనే నోరు మూయించిన.

ఆ తర్వాత ఒక రాత్రి రెండింటికి ఊపిరి అందలే. ప్రైవేట్ హాస్పిటల్ కు ఉరికినం. అక్కడ డ్యూటీ డాక్టర్ "ట్యూబ్ వెయ్యాలె, అయిదు నిమిషాలల్ల చెప్పండి" అన్నడు. మా తమ్ముడు సంతకం పెట్టిండు. ఆ టైంల ఏ కొడుకు వద్దంటడు, చెప్పండి. వద్దంటే పైసలకు చూసుకున్నడు అని చుట్టాలు జన్మంతా అంటరు.

17 రోజులు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, చెప్పులు బయట ఇడిచి లోపలికి పోవుడు. ట్యూబ్ పీక్కుంటున్నడని రెండు చేతులూ గాజుగుడ్డతోటి మంచం రాడ్డుకు కట్టేసిన్రు. స్టీరింగ్ పట్టిన చేతులవి, మణికట్ల కాడ చర్మం ఎర్రగ కమిలిపోయింది. నాలుగో రోజో అయిదో రోజో, నేను చెయ్యి కిందికి పెడితే నా అరచేతుల వేలుతోటి మెల్లగ రాసిండు. ఇ, ల్లు. ఇల్లు. నర్సమ్మను పిలిచి చెప్తే, పాపం ఆమె మాత్రం ఏం చేస్తది, డాక్టర్ గారు రౌండ్స్ కు వచ్చినప్పుడు అడగండి అన్నది. రౌండ్స్ ల అడిగితే "చూద్దాం అమ్మా, ఇంకో రెండు రోజులు" అన్నరు. రెండు రోజులు, మళ్ళ రెండు రోజులు. ఆఖరుకు తులసి నీళ్ళు పోద్దామంటే నోట్ల ట్యూబ్ ఉండె, పెదవులకు దూదితోటి తడి అద్దినం. పదిహేడో రోజు "డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగ మా ఇష్టంతోనే తీస్కపోతున్నం" అన్న కాగితం మీద సంతకం పెట్టిచ్చుకొని పంపిన్రు. అంబులెన్స్ ల ఒక పిలగాడు చేత్తోటి బ్యాగ్ నొక్కుకుంట ఊపిరి ఇచ్చుకుంట వచ్చిండు. జనగామ దగ్గర మా ఊరు. ఘట్‌కేసర్ కాడనే అయిపోయింది.

ఆ హాస్పిటల్ మీద కంప్లైంట్ గ రాస్తలేను. మేము ముందే నాయినతోటి కూర్చొని మాట్లాడి ఉంటే ఆ రాత్రి రెండింటికి తమ్ముడు అయిదు నిమిషాలల్ల నిర్ణయం తీసుకునే గతి వచ్చేది కాదు. గానీ మాట్లాడుకున్నా పని జరగాలంటే చట్టం తెల్వాలె, హాస్పిటలోళ్ళకూ తెల్వాలె, నాకు బాధ అక్కడ.

చట్టం లేదనుకుంటరు చాలా మంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచ్ చెప్పింది, గౌరవంగ చనిపోవడం కూడా రాజ్యాంగం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కుల భాగమే అని, లివింగ్ విల్ చెల్లుతది అని. అంటే నాకు నయం కాని రోగం వచ్చి నేను మాట్లాడలేని స్థితి వస్తే వెంటిలేటర్ లాంటివి పెట్టొద్దు, పెట్టినా తీసెయ్యండి, నా తరఫున ఫలానా వాళ్ళు మాట్లాడతరు అని ముందే రాసిపెట్టుకోవచ్చు. తెలివిల ఉన్న మనిషి ఈ ట్రీట్‌మెంట్ నాకొద్దు అంటే అది ఆయన హక్కు, దానికి విల్లు కూడా అక్కర్లే. మొదట్ల ఆ కాగితం మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నరు, ఎవరు తిరుగుతరు కోర్టుల చుట్టూ. 2023 జనవరి 24న దాన్ని అలకగ చేసిన్రు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. ఆ టైం వచ్చినప్పుడు హాస్పిటల్ ల ముగ్గురు డాక్టర్ల బోర్డు చూస్తది, వాళ్ళ మీద ఇంకో ముగ్గురి బోర్డు, అందుల ఒకరు జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టర్, ఒక్కో బోర్డు 48 గంటలల్ల చెప్తే మంచిదన్నరు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం వేరే, అది ఇప్పటికీ నేరమే. రోగాన్ని దాని దారిల పోనిచ్చి నొప్పి మాత్రం తెల్వకుంట చూసుకునుడు వేరే. ఈ రెండూ ఒకటే అనుకొని భయపడుతున్నరు జనం.

ఇది మన హైదరాబాద్ కు కొత్త సంగతి కూడా కాదు. 2004 డిసెంబర్ ల ఇక్కడనే కె. వెంకటేష్ అని చెస్ ఆడే పిల్లగాడు, కండరాలు కరిగిపోయే జబ్బు, 25 ఏండ్లు, లైఫ్ సపోర్ట్ తీసెయ్యండి, నా అవయవాలు పాడుకాకముందే ఇంకొకరికి ఇయ్యండి అని అడిగిండు. వాళ్ళమ్మ హైకోర్టుకు పోయింది. కోర్టు ఒప్పుకోలే, ఆ నెలలనే ఆ బాబు పోయిండు. అప్పుడు చట్టం లేదు, సరే. ఇప్పుడు ఉంది కదా!

మొన్న మా అత్తమ్మకు క్లోమంల క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంట్ల మళ్ళ అదే మాట మొదలైంది, చెప్పొద్దు చెప్పొద్దు అని. నేను పట్టుబట్టిన. డాక్టరమ్మనే తెలుగుల, మంచం మీద పక్కన కూర్చొని, తొందరేం లేకుంట చెప్పింది. అత్తమ్మ చాలా సేపు ఏమనలే. అటెన్క "ఎన్ని నెలలు" అని అడిగింది, తర్వాత "నొప్పి లేకుంట చెయ్యరాదా" అని అడిగింది, అంతే. ఇంటికొచ్చినంక చెల్లెను పిలిపించుకున్నది, పదేండ్ల నుంచి మాటల్లేవు వాళ్ళిద్దరికీ. గాజులు ఎవరికో, పుస్తెల తాడు ఎవరికో చెప్పింది. హోమ్ కేర్ వాళ్ళు వారానికోసారి వచ్చి మార్ఫిన్ గోలీలు ఎట్ల వెయ్యాలో, వాటితోటి మలబద్ధకం అయితే ఏమియ్యాలో నేర్పిన్రు. మార్ఫిన్ అంటే మత్తుమందు అనీ, అలవాటైతదనీ చుట్టాలు భయపెట్టిన్రు గానీ ఆ గోలీలతోటే ఆమె రాత్రి నిద్రపోయింది, మామిడికాయ పచ్చడి నాలుకకు రాసుకొని నవ్వింది. ఇంట్లనే పోయింది, తులసి నీళ్ళు మనవడు పోసిండు.

గుళ్ళల్ల పెద్దోళ్ళు అనాయాస మరణం ఇయ్యి సామీ అని మొక్కుతరు. అదే పెద్దమనిషి హాస్పిటల్ మంచం మీద ఆ మాట అంటే మనం వినం.

అందుకని నేను అడిగేది ఇది. హాస్పిటల్ ల అడ్మిషన్ అప్పుడు ఇన్సూరెన్స్ కార్డు అడుగుతరు, ఆరోగ్యశ్రీ అడుగుతరు, ఒక్క మాట పేషెంట్ ను కూడా అడగండి, మీ రోగం సంగతి మీకు ఎంతవరకు చెప్పమంటరు, మీరు మాట్లాడలేకపోతే మీ తరఫున ఎవరు మాట్లాడాలె అని. వద్దు, నాకేం చెప్పకండి, మా పెద్దోడితోటి మాట్లాడండి అంటే అది కూడా వాళ్ళ ఇష్టమే, గానీ అది వాళ్ళ నోటి నుంచి రావాలె, మా నోటి నుంచి కాదు. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి 30న ఈ సుప్రీంకోర్టు తీర్పు ఎట్ల అమలు చెయ్యాలో ఆర్డర్ ఇచ్చింది. మన దగ్గర కూడా రెండో బోర్డుకు డాక్టర్ ను ఎవరు పంపుతరు, ఎన్ని గంటలల్ల పంపుతరు, ఏ నంబర్ కు ఫోన్ చెయ్యాలె అన్నది ప్రతి ఐసీయూ బయట తెలుగుల, ఉర్దూల రాసి పెట్టాలె.

ఇంకోటి. పాలియేటివ్ కేర్ అంటే "ఇంక ఆశ లేదు, తీస్కపోండి" అని కాదు, పెద్ద రోగంల నొప్పి, ఆయాసం తగ్గిచ్చి మనిషిని చూసుకునుడు. రెడ్ హిల్స్ ఎమ్మెన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ల ఆ విభాగం ఎన్నో ఏండ్ల నుంచి ఉంది, ఖాజాగూడ దగ్గర స్పర్శ్ హాస్పైస్ ల, అంటే ఆఖరి రోజులల్ల ఉన్న రోగులను చూసుకునే చోట, పైసా తీసుకోకుంట చూసుకుంటరు. మా నాయిన అప్పుడు ఈ పేర్లు ఏవీ నాకు ఎవరూ చెప్పలే. ఏ డాక్టర్ అయినా నాలుగో స్టేజ్ అని చెప్పిననాడే ఈ అడ్రస్ కూడా చీటీ మీద రాసియ్యాలె, ఆఖరి వారం కాదు.

నేను నా లివింగ్ విల్ రాసుకున్న. రెండు పేజీలు, తెలుగులనే. మల్కాజిగిరిల నోటరీ దగ్గరికి పోతే ఆయన ఫస్ట్ టైం చూస్తున్న అమ్మా అని రెండు సార్లు చదివి సంతకం పెట్టిండు. నా తరఫున మాట్లాడాల్సింది మా తమ్ముడు అని రాసిన. కాపీ ఇయ్యబోతే ముట్టుకోలే, "నాకియ్యకు అక్కా, ఆ సంతకమే ఇంకా మర్చిపోలే" అన్నడు. నెల రోజులు టీవీ కిందనే ఉంది ఆ కవర్. మొన్న ఫోన్ చేసిండు, ఆదివారం వస్తడట, కూర్చొని చదువుదాం అన్నడు.

ఇట్లు
మీ పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్