సాహెల్ వానలు: గ్రాఫు ఎక్కడ మొదలైందో చూడండి

సంపాదకులకు,

పశ్చిమ ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణ అంచున ఉన్న సాహెల్‌లో వానలు మళ్లీ పెరిగాయంటూ మీరు వేసిన వార్తను ఇక్కడ, నైజర్ రాజధాని నియామేలో కూర్చుని చదివాను. వానలు పెరిగాయన్న మాట అబద్ధమేమీ కాదు. కాకపోతే పక్కన వేసిన గ్రాఫు 1984తో మొదలైంది. ఆ శతాబ్దంలో సాహెల్ చూసిన అతి గడ్డు కరువుల్లో అదొకటి. అట్టడుగున మొదలుపెట్టిన గీత పైకి కాక ఎటు పోతుంది? 1950 నుంచి గీసి చూడండి. 1950లలో పుష్కలంగా కురిసిన వాన, 1968 తర్వాత పడిపోయి రెండు దశాబ్దాలకు పైగా తేరుకోలేదు. 1990ల నుంచి కోలుకున్న మాట నిజమే, కానీ కొంతవరకే.

ఇక్కడి నీటి పథకాల్లో పనిచేసే ఇంజినీరుగా నాకు ఏడాది మొత్తం కన్నా రోజువారీ లెక్కే ముఖ్యం. కరువు కాలంలో ఒక్కో వాన చిన్నదైపోవడం కన్నా, జులై, ఆగస్టుల్లో పడాల్సిన వానల సంఖ్యే బాగా తగ్గింది. ఇప్పుడు మొత్తం పెరిగినా అది కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతోంది. 2009 సెప్టెంబరు 1న పొరుగు దేశం బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో ఒక్కరోజే 263 మిల్లీమీటర్లు పడింది. ఆ ఊరి ఏడాది వానలో అది దాదాపు మూడో వంతు!

సజ్జ రైతు సంగతి చూడండి. తొలి మంచి వాన పడగానే ఒకరు పొడవాటి కర్ర పారతో గుంటలు తీస్తూ ముందు నడుస్తారు. వెనక వచ్చేవారు గింజలు వేసి కాలితో మన్ను కప్పుతారు. ఆ తర్వాత రెండు వారాలు చినుకు లేకపోతే మళ్లీ విత్తాల్సిందే, అదీ ఇంట్లో గింజలు మిగిలి ఉంటే. ఏడాది చివర మొత్తం కూడితే ‘సాధారణ వర్షపాతం’ అని తేలవచ్చు.

ఊరి పక్కన పారే నైజర్ నది కథ ఇంకా విచిత్రం. కరువు ఏళ్లలోనూ నియామే చుట్టుపక్కల ఆ నదిలో కలిసే వాగుల్లో ప్రవాహం పెరిగింది. నేల బోసిపోయి, పైన పెచ్చు కట్టి, నీళ్లు ఇంకడం మానేశాయి. వానాకాలంలో ఆ వాగులు తెచ్చే ఎర్ర వరదే 2012లోనూ, 2020లోనూ నియామేను ముంచింది.

పశువులు మేసి నేలను బోడి చేసినందుకే కరువు వచ్చిందని మీ వార్త చివర్లో ఉంది. అది 1970ల నాటి వాదన. ప్రధాన కారణం సముద్రాల ఉపరితల వేడిలో వచ్చిన మార్పులని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. నింద మాత్రం పశువుల కాపర్ల మీద నుంచి ఇంకా దిగలేదు.

వీలైతే ఆ గ్రాఫునే 1950 నుంచి మరోసారి వేయండి. దాని కిందే ఏటా ఎన్ని రోజులు వాన పడిందో కూడా ఇవ్వండి.

– మీ పాఠకుడు, నియామే