అలుగు వార్తలో వెల ఎందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. అలుగును, అంటే ఒళ్లంతా పొలుసులుండే పాంగోలిన్ అనే జంతువును, గోనెసంచిలో వేసుకుని అమ్మబోతున్న వారిని అటవీ సిబ్బంది పట్టుకున్నారన్న వార్త మన పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. నిందితులు ఎందరో, ఏ మండలం వారో రాశాక, అంతర్జాతీయ మార్కెట్లో దాని విలువ ఇన్ని లక్షలని, ఒక్కోసారి ఇన్ని కోట్లని ఒక వాక్యం తప్పనిసరిగా చేరుతుంది. ఆ ఒక్క వాక్యం మానేయాలని కోరడానికే ఈ లేఖ.

అసలు ఆ అంకె ఎక్కడిది? ఎర్రచందనానికి వెల కట్టారంటే అర్థముంది, పట్టుబడిన దుంగలను ప్రభుత్వమే వేలం వేస్తుంది కాబట్టి. అలుగుకు అలాంటి వేలం లేదు, ఉండబోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది పులితో పాటు మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉంది. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోని ఎనిమిది జాతుల అలుగులనూ మొదటి అనుబంధంలో చేర్చడంతో, అడవి అలుగుల అంతర్జాతీయ వ్యాపారం 2017 జనవరి నుంచి నిషిద్ధమైంది. అమ్మకమే నేరమైన చోట మార్కెట్ ధర అంటూ అచ్చయ్యేది ఏ దళారి మాటో, ఎవరి అంచనాయో అయి ఉండాలి. దురదృష్టవశాత్తు అధికారులు కూడా విలేకరుల సమావేశాల్లో పట్టివేత ఘనంగా కనబడాలని ఆ అంకెనే వల్లిస్తుంటారు.

చదివే కుర్రవాడికి మాత్రం అది ధరే. చేతిలో పని లేని రోజుల్లో, తన ఊరి పక్క గుట్టలో ఉన్న జంతువు కోటి రూపాయలు చేస్తుందని పేరున్న పత్రికే రాస్తే, అతను నమ్మడంలో ఆశ్చర్యం లేదు. కొనేవాడు వస్తాడో రాడో తెలియదు కానీ, దొరికితే కేసు ఖాయం. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 2022 సవరణ ప్రకారం 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. ఈ శిక్ష సంగతి వార్త చివర కూడా చోటుచేసుకోదు, వెల మాత్రం శీర్షికలోకే ఎక్కుతుంది.

ఇంత వెల కట్టే జంతువు ఎలా బతుకుతుందో మనం రాయం. పగలంతా బొరియలో పడుకుని, లోపలి నుంచి మట్టితో ద్వారం మూసుకుని, చీకటి పడ్డాక బయటికి వచ్చే ప్రాణి కనుక, అడవి అంచున పుట్టి పెరిగిన వారిలో కూడా దాన్ని చూసినవారు తక్కువే. తోకతో కలిపి మీటరు దాకా ఉంటుంది. నోట్లో ఒక్క పన్ను ఉండదు. ముందుకాళ్ల గోళ్లు అరిగిపోకుండా లోపలికి మడుచుకుని నడుస్తుంది, ఆ గోళ్లతోనే గట్టి చెదలపుట్టను చీల్చి, జిగురు నాలుకను సందుల్లోకి జొనిపి చెదలను, చీమలను తింటుంది. చెదల చేత వేరుశనగ పోగొట్టుకున్న రాయలసీమ రైతుకు ఇది పరాయి ప్రాణి కాదు. ఆడ అలుగు సాధారణంగా ఒక కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది, తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. ఆపద వస్తే తల పొట్టలో దాచుకుని, తోక చుట్టూ బిగించి బంతిలా ముడుచుకుంటుంది. చిరుతపులి గోళ్లకు కూడా అంత తేలిగ్గా విడని ఆ బంతి మనిషికి మహా సౌకర్యం. తరమనక్కర్లేదు, ఎత్తి సంచిలో వేసుకుంటే సరి.

పొలుసులకు మహిమ ఉందన్న ప్రచారం మరొకటి. అవి కెరటిన్, అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే. చైనా సైతం 2020లో తన అధికారిక ఔషధ గ్రంథంలోని ముడి దినుసుల జాబితా నుంచి వాటిని తీసేసింది, కొన్ని తయారీ మందుల్లో వాడకం అప్పటికి మిగిలే ఉన్నా. పెంచి అమ్ముకోవచ్చు కదా అనేవారికి కూడా ఒక మాట చెప్పాలి: బోనులో వీటిని బతికించడం ఎంతో కష్టం. ఒడిశాలోని నందన్‌కానన్‌లో ఇందుకు ప్రత్యేక కేంద్రమే ఉంది, అది సంరక్షణ కోసమే తప్ప వ్యాపారం కోసం కాదు.

వెల రాయకపోతే నేర తీవ్రత పాఠకులకు తెలియదని మీ విలేకరులు అనవచ్చు. శిక్ష రాస్తే తీవ్రత తెలుస్తుంది, కాన్పుకు ఒక్క పిల్ల అన్న మాట రాసినా తెలుస్తుంది. కాపాడిన అలుగును ఏ గుట్టలో వదిలారో కూడా దయచేసి అచ్చు వేయవద్దు, ఆ వివరం వేటగాడికి తప్ప మరెవరికీ పనికిరాదు. దానికి బదులు, అలుగు ఊళ్లోకి వస్తే తోక పట్టి లాగకుండా, నీళ్లు పోయకుండా, వీడియోల కోసం గుమిగూడకుండా, కుక్కలను దూరంగా ఉంచి అటవీ శాఖకు కబురు చేయాలని రెండు వాక్యాలు, వాటి కింద ఆ ప్రాంత రేంజ్ కార్యాలయం ఫోన్ నంబరు వేయాలని నా మనవి. మీ పత్రిక మొదలుపెడితే స్థానిక కేబుల్ చానళ్ల వారిని కూడా అడగడానికి మాకు వీలవుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా